పరీక్ష తప్పాక కళ్లు తెరుచుకున్నాయి!

మా మిల్లులో ధాన్యం పోసే చోట నేలలోకి ఒక గొయ్యి ఉంటుంది. బస్తాలు విప్పి అందులో కుమ్మరిస్తే, అడుగునున్న ఎలివేటర్ బకెట్లు ధాన్యాన్ని పైకి తోడుకుపోతాయి. ఆ గొయ్యి మీద అడ్డంగా రెండు చెక్కలు వేసి ఉండేవి. ఆఫీసు గదిలోంచి కాటా దగ్గరకు వెళ్లాలంటే అదే దగ్గర దారి. పదకొండేళ్లపాటు రోజుకు ఎనిమిది పదిసార్లు, చేతిలో లెక్కల పుస్తకంతో ఆ చెక్కల మీంచి నడిచాను. కాలు జారితే ఏమవుతానన్న ఆలోచన ఒక్కరోజు కూడా రాలేదు. ఎప్పుడొచ్చిందంటే... పరీక్ష తప్పాక!

ఈ వయసులో పరీక్షలేమిటని మీరూ అడుగుతారేమో. మా వీధిలో అందరూ అడిగారు. మాది రామచంద్రపురం. చుట్టూ వరిచేలు, ఊరు దాటగానే రైసు మిల్లులు. బీకాం చదివి, పెళ్లయ్యాక ఒక మిల్లులో లెక్కలు రాసే పనికి కుదిరాను. 2023లో దోహాలో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, మా సైటులో సేఫ్టీ ఆఫీసరు ఒక కేరళ అమ్మాయి. నీలాగే డిగ్రీ. నెబోష్ పాసైందంట. నువ్వెందుకు రాయకూడదు?" అన్నాడు. గల్ఫ్ వెళ్లే ఉద్దేశం నాకు లేదు. కానీ కాకినాడ వైపు ఫ్యాక్టరీల్లో అలాంటివాళ్లను తీసుకుంటారని విన్నాను. బాబు ఇంటర్‌లోకి వచ్చాడు. నా జీతం చూస్తే అక్కడే ఉంది. గొలుసు బ్యాంకులో పెట్టి, కాకినాడలో ఒక శిక్షణ కేంద్రంలో ఆదివారం తరగతులకు చేరాను.

పుస్తకం చూసి రాసే పరీక్షే కదా!

నెబోష్ అన్నది 1979లో బ్రిటన్‌లో మొదలైన పరీక్షల సంస్థ. పనిచేసే చోట భద్రత, ఆరోగ్యం మీద అది ఇచ్చే సర్టిఫికెట్‌కు గల్ఫ్ దేశాల్లో మంచి గిరాకీ. నేను రాసినప్పుడు రెండు భాగాలుండేవి. మొదటిది ప్రశ్నపత్రం. ఇంటర్నెట్‌లో వస్తుంది, ఇరవై నాలుగు గంటల్లోపు జవాబులు పంపాలి. పుస్తకం దగ్గర పెట్టుకుని రాసుకోవచ్చు. పాసవడానికి నూటికి 45 మార్కులు చాలు. రెండోది, మనకు తెలిసిన ఒక పనిచోటుకు వెళ్లి, అక్కడున్న ప్రమాదాలు గుర్తించి నివేదిక రాయడం.

"పుస్తకం చూసి రాసేదానికి ఇంత హడావుడా?" అని మా ఆడపడుచు నవ్వింది. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పొయ్యి మీద పాలు పెట్టి, పేజీలకు పేజీలు బట్టీ పట్టాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే కాబట్టి ప్రతి ఇంగ్లీషు మాటకూ పక్కన పెన్సిల్‌తో తెలుగు రాసుకున్నాను. పరీక్ష రోజు పుస్తకంలోని నిర్వచనాలన్నీ పొందిగ్గా దించేశాను.

ఫలితం వచ్చింది. 31 మార్కులు!

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మావారు "పోనీలే" అంటే దానికీ ఏడుపొచ్చింది. గొలుసు బ్యాంకులో ఉంది, మార్కులు ముప్పై ఒకటి!

ఆ తర్వాతి ఆదివారం మా మాస్టారు నా జవాబులు ముందు పెట్టుకుని అన్నారు. "ఇదంతా పుస్తకంలో ఉన్నదేనమ్మా. ఆ పుస్తకం దిద్దేవాళ్ల దగ్గరా ఉంటుంది. వాళ్లు నీకొక కంపెనీ కథ ఇచ్చారు. ఎవరు ఏ పని చేస్తున్నారు, మేనేజరు ఏమన్నాడు, ఎవరు జారిపడ్డారు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ కథలోంచి నువ్వు ఒక్క ఆధారం కూడా చూపించలేదు. సరే, అది వదిలేయ్. నువ్వు పనిచేసే మిల్లులో పది ప్రమాదాలు చెప్పు చూద్దాం."

నేను ఆలోచించి, "కరెంటు... నిప్పు... వానాకాలం పాములొస్తాయండి" అన్నాను. నాలుగోది తట్టలేదు. పదకొండేళ్లుగా పనిచేస్తున్న చోటు!

మూకుట్లో నూనె పాఠం

ఈ చదువులో మొట్టమొదట తేల్చుకోవాల్సిన మాటలు రెండు. ఇంగ్లీషులో హజార్డ్, రిస్క్. మాస్టారు వంటింటి లెక్కలో చెప్పారు. మూకుట్లో కాగుతున్న నూనె హజార్డ్. అంటే హాని చేయగలిగేది. ఆ నూనె ఎవరి మీదైనా ఒలకడానికి ఎంత అవకాశం ఉంది, ఒలికితే ఎంత హాని జరుగుతుంది అన్నది రిస్క్. ఇంట్లో మీరొక్కరే ఉంటే ఒక లెక్క. కాళ్ల దగ్గర పసిపిల్ల పాకుతుంటే ఇంకో లెక్క. అదే నూనె, అదే మూకుడు. అవకాశానికి ఒకటి నుంచి ఐదు, హానికి ఒకటి నుంచి ఐదు అంకెలు వేసుకుని హెచ్చవేస్తే దేన్ని ముందు సరిచేయాలో తెలుస్తుంది.

సోమవారం మిల్లుకు వెళ్లాను. ఎప్పట్లాగే కాటా దగ్గరకు బయలుదేరి, గొయ్యి మీది చెక్కల మధ్య ఆగి కిందకు చూశాను. చీకట్లో బకెట్లు తిరుగుతున్నాయి. చెక్క ఒక పక్క పుచ్చిపోయి ఉంది. ఒక్కసారి కాళ్లు వణికాయి. వెనక్కి తిరిగి, చుట్టు తిరిగి వెళ్లాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం అయ్యాక అరగంట మిల్లంతా తిరిగి నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను.

మామ్మ చెప్పిన సంగతి

మిల్లులో ఊక, తవుడు ఊడ్చే పెద్దావిడ ఒకామె ఉంది. అందరం మామ్మ అంటాం. నేను పుస్తకంతో తిరుగుతుంటే "ఏటమ్మాయిగోరూ, కొత్తగా లెక్కలెడతన్నారు?" అంది. "ఇక్కడ ఎప్పుడైనా ఎవరికైనా దెబ్బ తగిలిందా మామ్మా?" అన్నాను. అటూ ఇటూ చూసి మెల్లిగా చెప్పింది. రెండేళ్ల కిందట మోటారు బెల్టు దగ్గర ఊడుస్తుంటే చీర కొంగు బెల్టులో పడిందట. పాత నేత చీర కాబట్టి కొంగు చిరిగి ఊడొచ్చింది. "కొత్త చీరైతే నన్ను కూడా లాక్కెళ్లేది" అని నవ్వింది. ఎవరికీ చెప్పలేదేమంటే, "చెబితే ముసలిదైపోయింది, మానిపించెయ్యండి అంటారు కదమ్మా" అంది.

నా పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. దెబ్బ తగలకుండా తప్పిపోయిన ప్రమాదాలను కూడా రాసి పెట్టుకోవాలి, చెప్పినవాళ్లను తిట్టకూడదు, తిడితే ఇంకోసారి ఎవరూ చెప్పరు అని. ఆ పేజీలు నాకు కంఠతా వచ్చు. కానీ మామ్మ చెప్పేదాకా వాటి అర్థం తెలియలేదు.

ఇంకో మాట కూడా చెప్పింది మామ్మ. పొద్దున ఇంటి దగ్గర తాగిన టీ తప్ప సాయంత్రం దాకా ఆమె మంచినీళ్లు ముట్టదు. ఎందుకంటే మిల్లులో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు. ఉన్న ఒక్కదానికి తలుపు సరిగా పడదు. పనిచేసే ఎనిమిది మంది ఆడవాళ్లూ అంతేనట. మే నెలలో దాళ్వా ధాన్యం వచ్చే రోజుల్లో, ఆ రేకుల కింద, ఆ వేడిలో! ఆఫీసు గదిలో కూర్చునే నేను మధ్యాహ్నం పక్కనే ఉన్న మా ఇంటికి వెళ్లొస్తాను కాబట్టి నాకు ఆ బాధ తెలియలేదు. "వడదెబ్బ, మూత్రనాళ ఇబ్బందులు, కారణం మరుగుదొడ్డి లేకపోవడం" అని ఆ రాత్రి రాసుకున్నాను.

ఫ్యూజు జేబులో వేసుకుని...

మావారు మోటార్లు బాగుచేస్తారు. పుస్తకంలో ఒక చోట, యంత్రం రిపేరు చేసేటప్పుడు కరెంటు ఆపి, స్విచ్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి పనిచేసేవాడి దగ్గరే ఉండాలని ఉంది. ఎన్నిసార్లు చదివినా ఆ ఇంగ్లీషు నా తలకెక్కలేదు. ఆయన్ని అడిగితే నవ్వి, "పొలంలో మోటారు విప్పేటప్పుడు నేను ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాను కదా. ఎవడో వచ్చి స్విచ్ వేసినా నేను చావకూడదని. అదే ఇది" అన్నారు. ఇరవై ఏళ్లుగా ఆయన జేబులో ఫ్యూజులు చూస్తూనే ఉన్నాను. చొక్కాలు ఉతికేటప్పుడు విసుక్కున్నాను కూడా!

నేను మొదటిసారి చేసిన పెద్ద తప్పు ఇంకోటి ఉంది. ఏ ప్రమాదం అడిగినా మాస్కు, గ్లౌజులు, హెల్మెట్ అని రాసేశాను. అవి చివరి మెట్టు. ముందు అసలు ఆ ప్రమాదమే లేకుండా చేయగలమా అని చూడాలి. కుదరకపోతే తక్కువ హాని చేసేదాన్ని వాడాలి. అదీ కాకపోతే కంచె, మూత, గాలి లాగే ఏర్పాటు వంటివి చేయాలి. తర్వాత శిక్షణ, హెచ్చరిక బోర్డులు. అన్నీ అయ్యాక మాస్కు. మా మిల్లులో దుమ్మంతా ఎక్కడినుంచి వస్తోందని వెతికితే, తవుడు గొట్టం అతుకు దగ్గర చిరిగిపోయి ఉంది. దాన్ని బాగుచేయించకుండా మామ్మకు మాస్కు కట్టి ఏం లాభం?

1911లో ఒక తాళం

రెండోసారి చదువుతున్నప్పుడు చరిత్ర కూడా కాస్త చదివాను. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే రవికల కుట్టు ఫ్యాక్టరీలో నిప్పంటుకుంది. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది వలస వచ్చిన పడుచు పిల్లలే. బయటపడే తలుపుల్లో ఒకదానికి తాళం వేసి ఉండడంతో చాలామంది లోపలే చిక్కుకుపోయారు. ఆ ఘోరాన్ని వీధిలో నిలబడి కళ్లారా చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే ఆవిడ తర్వాత కార్మిక భద్రత కోసమే పనిచేసి, 1933లో అమెరికా కార్మిక మంత్రి అయ్యారు. ఆ దేశంలో కేబినెట్‌లో చేరిన మొదటి మహిళ ఆవిడే.

అది చదివి పుస్తకం మూసేశాను. మా మిల్లు గోడౌను వెనక తలుపుకు కూడా తాళమే! బస్తాలు పోతాయన్న భయంతో వేసిందది. లోపల గోనె సంచుల నెట్లు, పక్కన ఊక గుట్ట. ఆ తాళంచెవి ఉండేది నా టేబుల్ సొరుగులోనే.

మన దగ్గర మాత్రం తక్కువ జరిగాయా? 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు దుర్ఘటన జరిగాకే, 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పరిశ్రమల్లో కార్మికులకు కూడా చోటుండేలా భద్రతా కమిటీలు పెట్టాలన్నారు. 2022 జూన్ 3న అచ్యుతాపురం సెజ్‌లో విషవాయువు పీల్చి వందమందికి పైగా మహిళా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. అదే ఏడాది ఆగస్టులో మళ్లీ అక్కడే అలాంటిదే జరిగింది.

షావుకారు గారి ముందు

రెండో భాగానికి మా మిల్లునే ఎంచుకున్నాను. కనీసం ఐదు రకాలవి, మొత్తం పది ప్రమాదాలు రాయాలి. ఈసారి పది దాటిపోయాయి! గొయ్యి, బెల్టు, దుమ్ము, మోటార్ల హోరు, జట్టు కూలీలు మోసే బస్తాల బరువు, ఎత్తుగా పేర్చిన నెట్టు, అతుకుల వైర్లు, తాళం వేసిన తలుపు, వేడి, మరుగుదొడ్డి. ఇవి కాక పురుగు పట్టకుండా బస్తాల మధ్య పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. గాలిలో తేమ తగిలితే వాటినుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. పట్టా కప్పిన నెట్టు పక్కన బోర్డు లేదు. కూలీల పిల్లలు అక్కడే ఆడుకుంటారు.

అనుమతి కోసం షావుకారు గారి దగ్గరకు వెళ్లాను. "మిల్లు పేరు రాస్తావా అమ్మాయ్?" అన్నారు మొదట. రాయనక్కర్లేదండి, వేరే పేరు పెట్టుకోవచ్చన్నాను. "అయితే రాసుకో" అన్నారు. రాసి పంపాను. కానీ నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో ఇంగ్లండులో కాగితాలు దిద్దేవాళ్లకు మా మిల్లులో గొయ్యి ఉందని చెప్పాను. ఆ గొయ్యి మీంచి నడిచే కూలీలకూ చెప్పలేదు, మూయించగల షావుకారు గారికీ చెప్పలేదు!

వారం ఆలోచించి, నివేదికను తెలుగులో ఒక పేజీ రాసి ఆయన టేబుల్ మీద పెట్టాను. చదివి మొహం ముడుచుకున్నారు. "ముప్పై ఏళ్ల మిల్లు ఇది. ఇన్నాళ్లూ లేని ప్రమాదం నీ పరీక్షకే వచ్చిందా? పరీక్ష కోసం రాసుకున్నావు, బానే ఉంది. ఇప్పుడీ ఖర్చేంటి?" అన్నారు. గొంతు తడారిపోయింది. ఉద్యోగం పోతే గొలుసు విడిపించేదెలా అన్న భయం కూడా వేసింది.

భద్రత ఎందుకు పాటించాలంటే మూడు కారణాలు రాయాలి పరీక్షలో. న్యాయం, చట్టం, డబ్బు. మూడూ చెప్పాను. మామ్మ కొంగు సంగతి పేరు చెప్పకుండా చెప్పాను. అప్పటికి అమల్లో ఉన్న 1948 కర్మాగారాల చట్టంలో యంత్రాలకు కంచె 21వ సెక్షన్, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి 19వ సెక్షన్, గోతులకు మూత 33వ సెక్షన్ అని చూపించాను. చివరికి నేను రోజూ రాసే లెక్కల్లోంచే చెప్పాను. ఒక మనిషికి దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు, నష్టపరిహారం, మిల్లు ఆగిన రోజులకు నష్టం ఒకవైపు. గొయ్యి మీద ఇనప జల్లెడకు వెల్డింగ్ ఖర్చు ఒకవైపు. ఆయన ఆ కాగితం వైపు చాలాసేపు చూసి, "వెల్డరుకి కబురెట్టు" అన్నారు.

జల్లెడ ఆ వారమే పడింది. బెల్టుకు కంచె సార్వా సీజన్ అయ్యాక గానీ కాలేదు. వెనక తలుపు తాళం తీసి, లోపలి నుంచి గడియ పెట్టించారు. మరుగుదొడ్డికి నాలుగు నెలలు పట్టింది. అది కూడా నా కాగితం వల్ల కాదు. ఎనిమిది మంది ఆడవాళ్లూ కలిసి వెళ్లి అడిగాక. బస్తాల బరువు సంగతి మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

రెండోసారి పరీక్షలో నాకు 57 వచ్చాయి. నివేదిక కూడా పాసైంది.

రాయబోయేవారికి నాలుగు మాటలు

* పుస్తకంలో మాట దించకండి. ఇచ్చిన కథలో ఏ మనిషి, ఏ సంఘటన మీ జవాబును చూపిస్తోందో రాయండి.

* మీరు రోజూ చూసే చోటును ఎంచుకోండి. ఒకసారి ఒంటరిగా, ఒకసారి అక్కడ పనిచేసేవాళ్లతో కలిసి తిరగండి. ఊడ్చేవాళ్లకు తెలిసినవి మేనేజర్లకు తెలియవు.

* నేను రాసినప్పుడు, ప్రశ్నపత్రం రాశాక వీడియోలో మాట్లాడి, జవాబులు మనమే రాశామా అని అడిగి తెలుసుకునేవారు. ఎవరో అమ్మే రెడీమేడ్ జవాబులకు, పరీక్ష లేకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్లకు డబ్బు కట్టకండి.

* ఇంగ్లీషు భయం ఉంటే ముందు తెలుగులో ఆలోచించి, చిన్న చిన్న వాక్యాల్లో రాయండి. నా 57 మార్కులూ చిన్న వాక్యాలకు వచ్చినవే.

* సైన్సు డిగ్రీ గానీ ఇంజనీరింగ్ గానీ ఉన్నవారికి చెన్నైలోని కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కార్మిక సంస్థలో ఏడాది పారిశ్రామిక భద్రతా డిప్లొమా ఉంది. వివరాలు కనుక్కోండి.

* చట్టం మారింది. 2025 నవంబరు 21 నుంచి పాత కర్మాగారాల చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత నోట్సులో సెక్షన్ల నంబర్లు చూసి మోసపోకండి.

మళ్లీ మిల్లులోనే

అనుకున్న ఉద్యోగం వచ్చిందా అంటే, రాలేదు. రెండు చోట్ల ఇంటర్వ్యూకు వెళ్లాను. రాత్రి షిఫ్టులు మగవాళ్లైతే చేస్తారని ఒక చోట, అనుభవం లేదని ఇంకో చోట అన్నారు. మిల్లులోనే ఉన్నాను. షావుకారు గారు జీతం కొంచెం పెంచి, "భద్రత సంగతులూ నువ్వే చూసుకో" అన్నారు. గొలుసు విడిపించుకున్నాను. శనివారం కూలి డబ్బులిచ్చే ముందు పావుగంట అందరినీ కూర్చోబెట్టి, ఆ వారం ఎవరికి ఏం తప్పిపోయిందో చెప్పమంటాను. మొదట్లో ఎవరూ నోరు విప్పేవారు కాదు.

2025 అక్టోబరు 8న మాకు దగ్గర్లోని రాయవరం మండలంలో బాణసంచా తయారీ కేంద్రంలో మంటలు లేచి పలువురు చనిపోయారు. వారిలో ఆడవాళ్లూ ఉన్నారు. ఆ శనివారం మిల్లులో ఎవరూ నవ్వలేదు. ఒక జట్టు కూలీ లేచి, "గోడౌనులో తూర్పు పక్క నెట్టు ఒరిగిందండి. మూడ్రోజుల్నించి చూస్తన్నాను" అన్నాడు. అతని వెనకాల ఇంకో ఇద్దరు చెప్పారు. ఆ సాయంత్రమే నెట్టు విప్పి మళ్లీ కట్టారు.

మామ్మ ఇంకా ఊడుస్తూనే ఉంది. కొంగు నడుముకు బిగించి, దాని మీద పాత చొక్కా ఒకటి తొడుక్కుంటోంది. మొన్న ఆమె సంచి పక్కకు జరుపుతుంటే లోపల నీళ్ల సీసా కనిపించింది. సగం ఖాళీగా ఉంది.